తాడు కింద మంద

నంద్యాలలో మా వీధివాళ్లు నన్ను బర్రెల డాక్టరు అంటారు. అందులో నాకు అవమానం ఏమీ లేదు. బర్రెలకు ఉందేమో అడగలేదు. మనుషుల డాక్టర్ల దగ్గరికి వచ్చేవాళ్లు నొప్పి ఎక్కడో నోటితో చెబుతారు. నా దగ్గరికి వచ్చేవి తన్ని చెబుతాయి. ఎక్కడ ముట్టుకుంటే కాలు లేచిందో అక్కడే నొప్పి. ఇరవై ఏళ్లకు పైగా ఈ భాష నేర్చుకుంటున్నాను, మోకాలి కింద మచ్చలే నా సర్టిఫికెట్లు. అయినా తప్పులు జరుగుతూనే ఉన్నాయి. వాటిలో ఒకటి ఇది. దీన్ని ఏ జంతువూ నన్ను తన్ని చెప్పలేదు కనుక నేనే రాయాలి.

అప్పట్లో నా ఉద్యోగం ఆళ్లగడ్డ దాటాక నల్లరేగడి నేలల్లో ఉన్న ఒక ఊరి పశువుల ఆసుపత్రిలో. పొద్దున్నే నంద్యాలలో బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగితే, మా అటెండరు బండి వేసుకొని బస్టాండు బయట ఉండేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. రైతులకు నా మాట అర్థం కాకపోతే ఆయన తిప్పి చెప్పేవాడు. "మా సారు టీకా వేస్తాడు, తాత్పర్యం నేను చెప్తా" అని ఆయనకు ఆయనే పెట్టుకున్న హోదా.

కరోనా సద్దుమణిగి మనుషులు మాస్కులు తీసేసిన తర్వాతి వానాకాలం. చాగలమర్రి వైపు సంతలో కొన్న ఒక ఆవుతో ఆ రోగం మా మండలంలో అడుగుపెట్టింది. మా కాగితాల్లో దాని పేరు ముద్ద చర్మ వ్యాధి. ఊళ్లో గడ్డల రోగం. ముందు జ్వరం, కంటివెంట నీళ్లు, మేత మీద విరక్తి. రెండు మూడు రోజులకు చర్మం మీద రూపాయి బిళ్లంత గడ్డలు, మెడ నుంచి తోక దాకా. కాళ్లు వాచి, గంగడోలు నీళ్లసంచిలా వేలాడుతుంది. గడ్డలు పగిలితే పుండ్లు, పుండ్లలో పురుగులు. చాలా పశువులు తట్టుకొని లేస్తాయి. కొన్ని లేవవు. ఏవి లేస్తాయో ముందుగా చెప్పగలిగే చదువు నేను చదవలేదు, నాకు చదువు చెప్పినవాళ్లూ చదవలేదు.

రోగాన్ని మోసేది ఈగ, దోమ, పిడుదు. నెత్తురు తాగిన మూతితో ఒక ఒంటి మీదనుంచి లేచి ఇంకో ఒంటి మీద వాలతాయి. అందుకే చెప్పాల్సింది సులువు: మందలో కలపొద్దు, పొగ పెట్టండి, జబ్బు చేసినదాన్ని వేరే కట్టెయ్యండి. చెప్పడమే సులువు.

"మనకు కరోనా అయిపాయ, ఇప్పుడు గొడ్లకు మొదలాయనా సారూ?" అన్నాడొకడు టీ అంగడి దగ్గర. "వాటికీ మాస్కులు కట్టల్లనా?"

"కట్టినా మేత కోసం తీసేస్తాయిలే, నువ్వు టీ కోసం తీసినట్టు" అన్నాడు అటెండరు.

అందరూ నవ్వారు. నా మాట విన్నవాడు మాత్రం ఒక్కడే.

ఆయన డెబ్బై దగ్గర పడిన రైతు. తాతల నాటి సేద్యం. ఊళ్లో అందరూ పెద్దాయన అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఊరంతా ట్రాక్టర్లు వచ్చాక కూడా ఆయన ఒక జత ఎద్దులు ఉంచుకున్నాడు. మిరప సాళ్లలో కలుపు తీసే గుంటక తోలడానికి ట్రాక్టరు దూరదు, ఎద్దులు దూరతాయి. రెండూ ఆయన దొడ్లోనే పుట్టాయి. కాడికి ఎడమవైపు కట్టేది దాపటెద్దు, కుడివైపు కట్టేది ఎలపటెద్దు. ఆయన వాటిని దాపటోడు, ఎలపటోడు అనేవాడు, ఇద్దరు కొడుకుల గురించి చెబుతున్నట్టు.

"ఇవి బతికినన్నాళ్లే నా సేద్యం సారూ" అన్నాడొకసారి. "దుడ్లు పెట్టి ఇంకో జత తెచ్చి కాడికి అలవాటు చేసేదానికి నాకు వయసు ల్యా. ఇవి పోయినాయంటే నేల కౌలుకిచ్చి అరుగు మీద కూచోవల్ల. అరుగు మీద కూచున్నోళ్లను చూస్తానే ఉండా గదా, వాళ్లకు తిండి అరగదు, మాట అరగదు."

నేను చెప్పిన మర్నాడే ఆయన ఎద్దుల్ని ఊళ్లో దొడ్డి నుంచి తోలుకుపోయి, రెండు మైళ్ల దూరంలో చేను దగ్గరి కొట్టంలో కట్టేశాడు. రోజూ సాయంత్రం వేపాకు పొగ. ఎవరొచ్చి అడిగినా ఎద్దుల్ని బదులు ఇవ్వలేదు. కొట్టంలోనే మంచం వేసుకున్నాడు.

"పెండ్లయిన కొత్తలో గూడా నాకింత కాపలా కాయలే సారూ" అంది ఆయన భార్య. "ఆ ఎద్దులకు చేసేదాంట్లో సగం చేసింటే నేనీపాటికి మహారాణి."

"నువ్వు గుంటక లాగుతావా?" అన్నాడు పెద్దాయన.

"లాగతానే ఉండా గదా నలభై ఏండ్లుగా."

ఊళ్లో అప్పటికే ఆరేడు పశువులు జబ్బున పడ్డాయి. చేను దగ్గరి జతకు ఒక్క గడ్డ లేదు. వారానికి రెండుసార్లు వెళ్లి ఎద్దుల ఒళ్లు తడిమి చూసేవాణ్ణి. నిజం చెప్పాలంటే ఎద్దుల కోసం కాదు. నా మాట పనిచేస్తోందని చూసుకోవడానికి నాకున్న చోటు అదొక్కటే.

తర్వాత టీకా వచ్చింది. ఈ రోగానికంటూ తయారైన టీకా అప్పటికి మాకు అందలేదు, మేకల బొబ్బరోగానికి వేసేదే ఆవులకూ ఎద్దులకూ వెయ్యమన్నారు. రెండు రోగాల క్రిములూ దాయాదులు కాబట్టి పనిచేస్తుంది. ఈ మాట నేను పంచాయతీ అరుగు మీద చెబితే, "మేక మందు ఏస్తే ఎద్దు మే అంటాదేమో సూడు సారూ" అన్నారు. పాలు తగ్గుతాయన్నారు. చూలు పోతుందన్నారు. టముకు వేయిస్తే, వచ్చినవి ఏడు పశువులు.

ఇక్కడ ఒక చిక్కు చెప్పాలి. ఆ టీకా పొడిగా వస్తుంది. సీసా వందకు సరిపడా. ఒకసారి నీళ్లు కలిపామంటే మంచులో పెట్టినా రెండు గంటల్లో వాడెయ్యాలి, లేకుంటే పారబోయాలి. ఏడింటి కోసం వంద పారబోస్తే పైవాళ్లకు ఏమని రాయాలి? సీసాలు అలాగే పెట్టెలో పెట్టుకొని వాపసు వచ్చాను. ఆ ఏడింటిలో పెద్దాయన జత లేదు. "నువ్వు కబురు పెట్టినప్పుడు తెస్తా, ఊరికే ఊర్లోకి దించను" అన్నాడు. నేను చెప్పిన పాఠమే నాకు అప్పజెప్పాడు.

మంద వస్తే మందు లేదు, మందు వస్తే మంద రాదు అని ఆ సాయంత్రం బస్సులో నాలో నేనే ప్రాస కట్టుకున్నాను. ప్రాసలకు నాకెప్పుడూ కొరత లేదు.

ఊరివాళ్లు వాళ్ల వైద్యం వాళ్లు తలపెట్టారు. గొడ్లకు రోగమొస్తే అక్కడ తాడు కడతారు. ఊరి మొదట్లో బాటకు ఇరుపక్కలా రెండు బండరాతి కంబాలు ఉన్నాయి. వాటి మధ్య కొత్త తాడు కట్టి, వేపమండలు, అవుకు వైపునుంచి మంత్రించి తెచ్చిన ఒక రాగిరేకు వేలాడదీస్తారు. ఊళ్లో ఉన్న ప్రతి గొడ్డూ దాని కిందనుంచి పోవాలి. ఒక్కటి తప్పినా ఊరికంతా చెరుపు. ఆ రోజు మంద మొత్తం తాడు దాటేదాకా ఊరికి కట్టు. పొయ్యి వెలగదు, పొలిమేర దాటి ఎవరూ పోరు.

రోగమున్న ఊళ్లో మంద మొత్తాన్ని ఒకచోటికి తోలడమంటే ఏమిటో నాకు తెలుసు. వద్దని చెప్పడం నా పని. కానీ మొత్తం మంద ఒకచోటికి వస్తుందన్న మాట వినగానే నాకు పెట్టెలోని సీసాలు గుర్తొచ్చాయి. మేము బతిమాలినా రాని గొడ్లు తాడు పేరు చెబితే వస్తాయి. వచ్చిన చోటే సూది వేస్తే సరి! అంత తెలివి నాకెక్కడిదని బస్సులో కిటికీ పక్కన కూర్చొని మురిసిపోయాను. పాణ్యం నుంచి బదిలీ అయి వచ్చినప్పటి నుంచీ అంత సంతోషపడ్డ రోజు లేదు.

ఊరి పెద్ద ఒప్పుకున్నాడు. "మా తాడు మేం కట్టుకుంటాం, నీ సూది నువ్వు ఏసుకో సారూ. ఎవురి మందు పనిచేసినా గొడ్లు బతికితే చాలు."

పెద్దాయన ముందురోజు ఆసుపత్రికి వచ్చాడు. లోపలికి రాలేదు. గడప బయట నిలబడి అడిగాడు.

"అన్నీ రావల్లంటాండారు సారూ. నా జత రాకపోతే ఊరికి చెరుపంట. నువ్వేమో మందలో కలపొద్దంటివి. దించమంటావా, వద్దంటావా? నువ్వు వద్దంటే ఊరంతా వచ్చి తిట్టినా దించను."

నేను వద్దనొచ్చు. జత ఆరోగ్యంగా ఉంది, ఒంటరిగా ఉంది, అలాగే ఉండనీ అనొచ్చు. టీకా వేసిన నాడే రక్షణ రాదు, మూడు వారాలు పడుతుంది. అదీ నాకు తెలుసు. కానీ ఆయన రాకపోతే ఊరివాళ్లు గొడవ చేసి మొత్తం సూదుల కార్యక్రమమే ఆపేస్తారేమోనని భయం.

"తీసుకురా పెద్దాయనా" అన్నాను. "సూది పడితే ఇంక దిగులుండదు. మందలో కలపొద్దు, అందరూ పోయినాక చివర్లో రా."

"నీ మాట" అని వెళ్లిపోయాడు.

తాడు రోజు పొద్దున మేము ఊరికి చేరేసరికి కంబాల ముందు గొడ్లు ఒకదానికొకటి ఆనుకొని నిలబడి ఉన్నాయి. దుమ్ము, పేడ, ముసురుకున్న ఈగలు. మామూలు రోజుల్లో ఎవరో ఒకరు ఏదో ఒక పొగ పెట్టి ఉండేవారు. ఆ రోజు నిప్పు లేదు కనుక పొగ లేదు. ఈగలకు అంత ధైర్యంగా తిరిగే రోజు మళ్లీ దొరకదు. ఒకామె ఆవు ఒంటికంతా పసుపు పూసి తెచ్చింది. పసుపు కింద చెయ్యి పెట్టి చూస్తే గడ్డలు తగిలాయి. దాన్ని పక్కకు కట్టెయ్యమన్నాను. "తాడు కింద పోనీ సారూ, తర్వాత కట్టేస్తా" అని ఆమె ఏడ్చింది. పోనిచ్చాను. దాని ఒంటి మీది ఈగలు కూడా దానితోపాటు తాడు కింద పోయాయి.

ఒక పశువుకు ఒక సూది. ఇది మా పనిలో మొదటి పాఠం. నేను ఒక పెట్టె సూదులు తెచ్చాను, మంద అంతకంటే ఎక్కువ ఉండదనుకున్నాను. టముకుకు ఏడు వచ్చిన ఊళ్లో తాడుకు ఎన్ని వస్తాయో నా లెక్కకు అందలేదు. మిట్టమధ్యాహ్నం కాకముందే అటెండరు ఖాళీ పెట్టె తలకిందులు చేసి చూపించాడు.

"అయిపాయ సారూ."

"ఆళ్లగడ్డకు పోయి మెడికల్ షాపులో తీసుకురా. తొందరగా పో."

ఆయన బండి దాకా వెళ్లి తిరిగొచ్చాడు. "పొలిమేర కాడ కట్టెలు పట్టుకొని నిలబడిండారు. దాటేదానికి ల్యా అంటాండారు."

నా సంచిలో పాతకాలం స్టీలు సూదులు అరడజను ఉన్నాయి. వాటిని నీళ్లలో మరగబెట్టి మళ్లీ మళ్లీ వాడొచ్చు. ఊరి పెద్ద దగ్గరికి పోయి, ఒక్క పొయ్యి, ఒక్క గిన్నె నీళ్లు అని అడిగాను.

"ఏందీ, పొయ్యా?" అన్నాడు. "చంటిబిడ్డకు పాలు కాచలేదు సారూ ఈ పొద్దు. నీ సూదికి కాచల్లనా?"

కలిపిన మందు సీసాలో సగం ఉంది. మంచు కరిగి నీళ్లయింది. ఇంకా పాతిక పశువుల దాకా ఉన్నాయి. ఆ సీసాను అక్కడే నేల మీద వంచేసి, ఇంతటితో చాలు అని చెప్పవలసింది. అనడానికి నోరు రాలేదు. దూదికి స్పిరిట్ పూసి, స్టీలు సూదుల్ని తుడిచి, ఒకదాని తర్వాత ఒకటి తిప్పి తిప్పి వాడటం మొదలుపెట్టాను. అటెండరు నా మొహం వైపు ఒకసారి చూసి, తర్వాతి గొడ్డు ముక్కుతాడు పట్టుకున్నాడు.

చివర్లో రమ్మన్నాను కదా. పెద్దాయన చివర్లోనే వచ్చాడు. ఎద్దులకు స్నానం చేయించి, కొమ్ములకు నూనె రాసి, మందకు దూరంగా పక్క బాటన తోలుకొచ్చాడు. దాపటెద్దు ముక్కుతాడు పట్టుకొని నా ఎదుట నిలబడ్డాడు. నేను దూదితో సూది తుడిచి మెడ చర్మం పట్టి వేశాను. మళ్లీ తుడిచి ఎలపటెద్దుకు వేశాను. ఆయన చూపు నా చేతి మీదే ఉంది. తర్వాత రెండూ తాడు కిందనుంచి పోయాయి.

పన్నెండు రోజులు గడిచాక ఆయన భార్య ఫోను చేసింది. "దాపటోడు మేత ముట్టల్యా సారూ."

సూది వేసిన చోట కాస్త వాపు రావడం మామూలే, అదే అయ్యుంటుందని బండి మీద పోతూ నాకు నేను చెప్పుకున్నాను. కొట్టంలో చెయ్యి వేసి చూస్తే ఒళ్లు కాలిపోతోంది. మూడో రోజుకు గడ్డలు లేచాయి. ఎలపటెద్దుకు నాలుగైదు గడ్డలు లేచి ఆగిపోయాయి, అది మేత మానలేదు. దాపటెద్దుకు మాత్రం ముట్టె మీద, కనురెప్పల మీద, గొంతు లోపల కూడా లేచాయి. రోజూ పోయాను. జ్వరానికి సూది, పుండుకు వేపనూనె, సెలైను. పెద్దాయన భార్య తమలపాకు, మిరియాలు, బెల్లం నూరి నాలుక మీద పూసేది, రాగిముద్ద చేసి నోటికి పెట్టేది. ఒళ్లంతా ముద్దలే, నోట్లోకి మాత్రం ఒక్క ముద్ద పోలేదు.

ఇలాంటి మాటలు నాకు అప్పుడు కూడా తడుతూనే ఉన్నాయి, కొట్టంలో ఆ వాసన మధ్య నిలబడి. నన్ను నేను అసహ్యించుకోవడానికి అది కూడా ఒక కారణం.

ఎనిమిదో రోజు ఎద్దు పడింది. కాళ్లు పీపాల్లా వాచి చర్మం పగిలి నీరు కారుతోంది. పెద్దాయన తల దగ్గర కూర్చొని తువ్వాలుతో ఈగల్ని తోలుతున్నాడు. నా వైపు చూడకుండానే అడిగాడు.

"ఆ పొద్దు సూది మార్చినావు గదా సారూ?"

"మార్చినా" అన్నాను.

ఆయన తువ్వాలు ఆపలేదు. "మార్చింటావులే" అన్నాడు.

మర్నాడు పొద్దున చచ్చిపోయింది. జేసీబీ తెప్పించి చేను మూలలో లోతుగా గుంత తీయించాను. సున్నం, ఉప్పు బస్తాలు పోయించాను. ఎవరూ తవ్వి తోలు తీసుకోకుండా నేనే కత్తితో చర్మాన్ని అడ్డంగా కోశాను, అది కూడా మా నిబంధనే. ఆయన భార్య అటు తిరిగి నిలబడింది. ఆయన తిరగలేదు. ఎలపటెద్దును విప్పితే అది నీళ్లతొట్టి దగ్గరకు పోయి, కుడి అంచున నిలబడి, ఎడమవైపు ఒక ఎద్దు పట్టేంత చోటు వదిలి తాగింది.

ఆ నెలలో ఊళ్లో ఇంకా చాలా పడ్డాయి. తాడు సరిగ్గా కట్టలేదని కొందరన్నారు, మేక మందే చంపిందని కొందరన్నారు. మంద కలిసినప్పుడు ఈగలు తెచ్చాయని నేను పైకి రాసి పంపాను. అబద్ధం కాదు. ఈగ అన్న మాట రాసిన చోట సూది అన్న మాట రాయలేదు, అంతే. పెద్దాయన ఎద్దుకు ఏది తెచ్చిందో ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేరు. కొట్టంలో ఒంటరిగా ఉన్న ఎద్దును ఈగ ముందుకూ సూది ముందుకూ రప్పించింది నేను. అది తేల్చడానికి ల్యాబు అక్కర్లేదు.

మిరప చేను ఆ ఏడు గుంటక లేక కలుపు పట్టింది. తర్వాతి ఏడు కౌలుకు ఇచ్చేశాడు. బస్సు దిగి పోయేటప్పుడు అరుగు మీద కనిపించేవాడు. నేను చెయ్యెత్తేవాణ్ణి, ఆయన తలూపేవాడు.

మళ్లీ టీకాల వేళ వచ్చింది. ఈసారి తాడు లేదు, తొందర లేదు. వీధి వీధికీ పోయి, ఒక్కో దొడ్డి ముందే సూది వేస్తున్నాం. మూడు పెట్టెల కొత్త సూదులు బల్ల మీద అందరికీ కనబడేలా పెట్టాను. మధ్యాహ్నానికి పెద్దాయన ఇల్లు వచ్చింది. ఎలపటెద్దును విప్పి తెచ్చి అరుగుకు కట్టాడు. పనిలేక ఒళ్లు చేసింది. చొక్కా జేబులోనుంచి మెడికల్ షాపు కాగితం పొట్లం తీశాడు. అందులో అట్ట విప్పని ఒక సూది.

"దీంతో వెయ్ సారూ."

"మాకాడ శానా ఉండాయి పెద్దాయనా, అన్నీ కొత్తవే" అని అటెండరు మొదలుపెట్టాడు. నేను చెయ్యెత్తి ఆపాను.

"ఆ పొద్దు మార్చలేదు పెద్దాయనా" అన్నాను.

"తెలుసులే. ఎదురుగా నిలబడి చూస్తాంటి గదా."

"మరి అడిగితివే?"

"నువ్వేం చెప్తావో ఇందామని." ముక్కుతాడు బిగించి పట్టుకున్నాడు. "ఏందీ చూస్తాండావ్? వెయ్. ఎండకు మందు చెడిపోతాది."

అట్ట చించి ఆయన తెచ్చిన సూదితోనే వేశాను. ఎద్దు కదల్లేదు. వేసిన సూదిని మా డబ్బాలో పడెయ్యబోతే ఆయన చెయ్యి చాపాడు.

"ఇటీ."

ఇచ్చాను. అరుగు బండ మీద పెట్టి, చెప్పు తీసి, దాని మడమతో రెండు దెబ్బలు వేశాడు. వంగిన సూదిని ఎండకు ఎత్తి ఒకసారి చూసి, అప్పుడు డబ్బాలో తనే వేశాడు.